నాలుగు వందల పదమూడో ఫలకం

రాజధానిలో స్మారక వనం అని ఒకటుంది. అందులో స్మారకాలు మూడు, శిలాఫలకాలు నాలుగు వందల పన్నెండు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. గేటు పక్కన నిలువెత్తు బోర్డు మీద వనం వాళ్లే రాసి పెట్టుకున్నారు. ఫలకాల అంకె బంగారు రంగులో ఉంటుంది. స్మారకాల అంకె ఉత్త సున్నంతో ఉంటుంది.

ఓర్సు ఉరుకుందు ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. చదువు రాదు కాబట్టి అక్షరాలు చూడలేదు, బోర్డును నిలబెట్టిన రాతి దిమ్మెను చూశాడు. యాభై ఏళ్లు రాయి కొట్టిన మనిషి. ఎక్కడికి పోయినా ముందు రాయి కనబడుతుంది, ఆ తరవాతే మనుషులు.

"మంచి నల్లరాయి" అన్నాడు.

"రాయిని తర్వాత మెచ్చుకుందువులే గానీ, తమ్ముడు యాడుండాడో అడుగు" అంది తిక్కమ్మ.

తిక్కమ్మ అతని అక్క. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. నడుము వంగింది గానీ నోరు వంగలేదు. చంకలో గుడ్డమూట ఉంది. అందులో రెండు జొన్నరొట్టెలు, వెర్రినువ్వులు దంచిన గురెళ్ల కారం, ఒక ఎర్రగడ్డ. కర్నూల్లో రైలెక్కిన కాడి నుంచి ఆ మూటను కింద పెట్టలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అది మద్దిలేటిది.

మద్దిలేటి వాళ్లకు కడగొట్టు తమ్ముడు. తల్లి పురిట్లోనే పోతే తిక్కమ్మే సాకింది. మిలిటరీలో చేరి, ఇరవై ఆరేళ్ల కింద మంచుకొండల మీద పోయాడు. కొండంత మంచు మీద పడిందట. టెలిగ్రాం వచ్చింది గానీ మనిషి రాలేదు. వాళ్ల కులంలో ఒక కట్టుబాటు ఉంది. పోయినవాడికి ఏడాదికోసారి తిండి పెట్టాలంటే వాడి పేరున ఒక రాయి ఉండాలి. రాయి పాతాలంటే దాని కింద మనిషి ఉండాలి. మనిషి దొరకలేదు కాబట్టి రాయి లేదు. రాయి లేదు కాబట్టి తిండి లేదు. ఊళ్లో సగం సమాధులకు రాళ్లు చెక్కిన ఉరుకుందు సొంత తమ్ముడికి చెక్కబోతే కులపెద్దలు చెయ్యి పట్టుకున్నారు. తిక్కమ్మ లెక్క ప్రకారం మద్దిలేటి ఇరవై ఆరేళ్లుగా పస్తున్నాడు.

మొన్న ఉరుకుందు కొడుకు వీరేశు ఒక కబురు తెచ్చాడు. రాజధానిలోని వనంలో వీర జవాన్ల గోడ ఉందట. పద్నాలుగో పలక మీద చిన్నాయన పేరుందట. తిక్కమ్మ ఆ మాట విని లేచి నిలబడింది.

"గవర్నమెంటే వాని పేరు రాయికెక్కిచ్చినంక ఇంగ కట్టుబాటేంది? పాండి, పోయి నోట్లో ఇంత ముద్ద పెట్టొద్దాం. మూడు స్మారకాలూ చూసినట్టుంటాది, సాయంత్రం బండికి తిరిగొద్దాం."

అట్లా బయల్దేరారు. ఉరుకుందు, తిక్కమ్మ, వీరేశు, కోడలు శశికళ. శశికళ పది పాసయింది. ఇంట్లో అక్షరం ఎక్కడ కనబడినా చదివి చెప్పే పని ఆమెది.

గేటు దాటగానే చక్రపాణి ఎదురొచ్చాడు. వనంలో మార్గదర్శకుడు. ఎండలో కూడా కోటు వేసుకుని, చేతిలో వెండి పొన్ను కర్ర పట్టుకుని ఉన్నాడు.

"సందర్శకులకు స్వాగతం. ఇచ్చవచ్చినట్టు సంచరించుట నిషిద్ధం. వరుస క్రమంలో దర్శించాలి."

"ఏం వరస సార్?" అన్నాడు వీరేశు.

"ఫలకాల వరుస. ఒకటో నంబరు నుంచి."

"మేము జవాన్ల గోడ చూసేకి వచ్చినామప్పా" అంది తిక్కమ్మ.

"అది కూడా వస్తుందమ్మా, వరుసలో." కర్ర ఎత్తి ముందుకు నడిచాడు. "ఇది వనానికి శంకుస్థాపన ఫలకం. దాని పక్కది, ఆ ఫలకాన్ని పాతే పనులకు శంకుస్థాపన ఫలకం."

వీరేశు ఆగిపోయాడు. "రాయి పాతేకి ఇంగో రాయా?"

"వనం నియమావళి ఏడో నియమం. వనంలో జరుగు ప్రతి పనికీ ఒక ముఖ్య అతిథి. ప్రతి ముఖ్య అతిథికీ ఒక ఫలకం. ఫలకం పాతుట కూడా పనే కదా?"

"అట్లయితే ఆ రెండో రాయి పాతేకి మూడోది గావల్ల గదా?"

"ఉంది. అదిగో."

"దానికి?"

"మూడో తరంతో ఆపాలని ఉన్నత స్థాయి కమిటీ సిఫార్సు చేసింది."

"బతికించినారు."

"ఆ కమిటీ నివేదికను ఆవిష్కరించిన ఫలకం అటుపక్క ఉంది. దయచేసి చెప్పులు విడవండి."

విడిచారు. ఎండకు బండలు కాలుతున్నాయి. ఒక బల్బు మార్చిన ఫలకం చూశారు. ఆ బల్బు మాడిపోతే తీసేసిన ఫలకమూ చూశారు. ఒక ఫలకం ముందు చక్రపాణి అందరినీ నిలబెట్టి నిమిషం మౌనం పాటించమన్నాడు. పాటించారు. తరవాత శశికళ చదివితే తెలిసింది, అది సైకిల్ స్టాండు రేకులకు రంగు వేసిన ఫలకం.

"మౌనమెందుకు సార్ దీనికి?"

"ఆ ముఖ్య అతిథి గారు తదుపరి ఎన్నికల్లో ఓడిపోయారు" అన్నాడు చక్రపాణి, గొంతు తగ్గించి.

తిక్కమ్మకు దాహమైంది. 'సురక్షిత తాగునీటి కుళాయి ప్రారంభోత్సవం' అని శశికళ ఒక ఫలకం చదివి చూపించింది. ముసలామె దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. కుళాయి కనబడలేదు.

"కొళాయి యాడప్పా?"

"కుళాయి ఉండిన చోటే కదమ్మా ఫలకం నిలబెట్టాం. వేరే చోట నిలబెడితే చరిత్రను వక్రీకరించినట్టవుతుంది."

ఆ తరవాత కత్తెరల మందిరం. ఇరవై రెండేళ్లలో రిబ్బన్లు కోసిన కత్తెరలన్నీ అద్దాల పెట్టెల్లో, పట్టుగుడ్డల మీద పడుకున్నాయి.

"ఇన్ని కత్తెర్లు పెట్టుకోని ఒక్క రవికె కుట్టలేదా వీళ్లు?" అంది తిక్కమ్మ.

మూడు స్మారకాల్లో మొదటిది స్వాతంత్ర్య స్తంభం. దాన్ని శుభ్రం చేయించే పనులకు పదకొండుసార్లు శంకుస్థాపన జరిగింది కాబట్టి ఇంకా శుభ్రం చేయలేదు. రెండోది రైతు గోపురం. చుట్టూ ఫలకాలు మూడు వరుసల్లో నిలబడి ఉండటంతో కొస మాత్రమే కనబడుతోంది. కొస చూసిననూ సంపూర్ణ దర్శనముగా పరిగణించవచ్చునని ఉత్తర్వు ఉందట. చూశారు, పరిగణించారు, ముందుకు నడిచారు.

మూడోది జవాన్ల గోడ. చక్రపాణి కర్ర చూపించిన చోట చదును చేసిన సిమెంటు నేల ఉంది. నేలలో వరుసగా గుంటలు ఉన్నాయి. గోడ లేదు.

తిక్కమ్మ మూటను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

ఉరుకుందు వంగి ఒక గుంటను జానతో కొలిచాడు. నాలుగున్నర జానలు. ఇంకోటి కొలిచాడు. అదీ నాలుగున్నరే. పొద్దుటి నుంచి దాటుకుంటూ వచ్చిన ఫలకాల్లో కొన్నింటి వెడల్పు కూడా సరిగ్గా ఇంతేనని అతని కళ్లకు గుర్తుంది. అందరూ రాతను చూస్తూ నడిస్తే అతను రాతి అంచులు చూస్తూ నడిచాడు. మెల్లగా వెనక్కి వచ్చి, దగ్గరలో ఉన్న ఒక ఫలకం వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. వేళ్లకు అక్షరాలు తగిలాయి. వరుస కింద వరుస, సన్నగా, పొందికగా ఉన్నాయి. చేత్తో చెక్కిన మంచి పని.

"శశికళా, ఇట్లా రామ్మా. ఏముందో చూడు."

"వెనక వైపు దర్శనానికి అనుమతి లేదు!" అని చక్రపాణి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే శశికళ తల వెనక్కి పెట్టి చదువుతోంది.

"అన్నీ పేర్లే మామా. నాయక్ ఫలానా, సిపాయి ఫలానా..."

చక్రపాణి కోటు సర్దుకున్నాడు. "చూడండి. గోడ లేదనుట సరికాదు. గోడ ఉంది. కాకపోతే ఒక్కచోట లేదు."

అతను చెప్పింది ఇది. ఫలకాలకు నల్లరాయి కొరత వచ్చింది. గోడకు చూడబోతే ముప్పై ఆరు నల్లరాతి పలకలున్నాయి, ప్రతి పలకకూ వెనకవైపు ఖాళీగా పడి ఉంది. జాతి సంపదను అట్లా వృథాగా ఉంచరాదని ఒక అధికారికి ఆలోచన వచ్చింది. పలకలు ఊడదీసి, వెనక నునుపు చేయించి, అవసరమైన చోట ఫలకాలుగా నాటారు. ఒక్క జవాను పేరు కూడా చెరపలేదు. అందుకు ఆ అధికారికి సన్మానం జరిగింది, దానికీ ఫలకం ఉంది.

"మా చిన్నాయనది పద్నాలుగో పలక" అన్నాడు వీరేశు.

చక్రపాణి చిట్టా తీశాడు. "పద్నాలుగో పలక... ఫలకం నంబరు మూడు వందల ఎనభై ఎనిమిది. మరుగుదొడ్ల ప్రారంభోత్సవం. గోడకు సిమెంటుతో దిట్టంగా అతికించాం, దిగులు పడకండి."

తిక్కమ్మ చక్రపాణి ముందుకు వచ్చి నిలబడింది.

"కక్కసు గోడకు మొగం పెట్టిచ్చి నిలబెట్టినారా నా తమ్మున్ని?"

"సాంకేతికంగా చూస్తే..."

"నీ సాంకేతికాన్ని తీసకపోయి ఆ కక్కసులోనే ఎయ్యి!"

ఉరుకుందు అక్క భుజం మీద చెయ్యి వేసి చక్రపాణితో నెమ్మదిగా అన్నాడు. "సామీ, ఒక గడ్డపార, ఇంత సిమెంటు ఇప్పియ్యి. అరగంటలో ఊడదీసి, ఇటు తిప్పి అతికిస్తా. పగలనియ్యను, నాది పూచీ."

"తిప్పడమా!" అన్నాడు చక్రపాణి. నోట్లోంచి బూతు వచ్చినట్టు చుట్టూ చూశాడు. "దానికి పర్యవేక్షణాధికారి గారు కావాలి."

పర్యవేక్షణాధికారి సర్వోత్తమరావు గారు ఆఫీసు గదిలో మూడు ఫోన్ల మధ్య చెమటలు కక్కుతున్నారు. అర్జీ విన్నారు. కళ్లు మూసుకున్నారు.

"మీ మనోభావాలను వనం గౌరవిస్తుంది. అయితే ఫలకం తిప్పుట ఒక పని. పని అంటే శంకుస్థాపన. శంకుస్థాపన అంటే ముఖ్య అతిథి. ముఖ్య అతిథి అంటే తేదీ." డైరీ తిరగేశారు. "ఆషాఢంలో చేయము. శ్రావణం నిండిపోయింది. వచ్చే ఏడాది మాఘంలో ఒక బుధవారం ఖాళీ ఉంది, రాసుకోమంటారా?"

"మాఘానికి నేనుంటానా?" అంది తిక్కమ్మ. "నాకు డెబ్బై ఎనిమిదేండ్లప్పా."

"అటువంటిది సంభవిస్తే మీ వారసులు తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చు."

అంతలో ఒక ఫోను మోగింది. ఆయన లేచి నిలబడి విన్నారు, లేచినంత వేగంగా కూలబడ్డారు. ఈరోజు గడ్డి కోసే మిషనుకు కొత్త చక్రం బిగించే పనులకు శంకుస్థాపన. ముఖ్య అతిథి గారికి పన్నునొప్పి. రావడం లేదు. ఫలకం చూస్తే సిద్ధంగా ఉంది, పేరు తప్ప. వనంలో పేరు ఎప్పుడూ ముందు చెక్కరు. అతిథి కారు దిగాకే చెక్కుతారు, ఎందుకంటే కారెక్కినప్పుడు ఉన్న పదవి దిగేటప్పటికి ఊడిన సందర్భాలు ఏడున్నాయి.

"ఇరవై రెండేళ్లలో తేదీ వేసిన ఫలకం ఒక్కటీ ఆగలేదు" అన్నారు సర్వోత్తమరావు గారు, ఎవరితోనో తెలియకుండా. "సాయంత్రం అయిదింటికి బోర్డు మీద అంకె మారకపోతే పైవాళ్లు నన్ను మారుస్తారు. ఇంకో అతిథిని పట్టుకుంటాను, పట్టుకుంటాను. చక్రపాణీ, చెక్కే మిషను సిద్ధం చెయ్యి!"

"కరెంటు లేదు సార్. చెక్కే మిషను ఆడదు."

"చేత్తో చెక్కేవాడు?"

"చేత్తో చెక్కేవాడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు సార్?"

"నేను చెక్కుతా" అన్నాడు ఉరుకుందు.

ఆయన అతన్ని మొదటిసారి చూశారు. కాయలు కాసిన అరచేతులు చూశారు. "మూడంగుళాల అక్షరం. ముఖ్య అతిథి పేరు మూడంగుళాలకు తగ్గరాదు."

"తగ్గదు. ఏం పేరు సామీ?"

"పేరు వస్తుందయ్యా! నువ్వు ముందు చెక్కడం మొదలుపెట్టు, పేరు తరవాత పంపిస్తాను" అని ఆయన రెండు ఫోన్లు రెండు చెవులకు పెట్టుకున్నారు.

షెడ్డులో ఫలకం రెండు దిమ్మెల మీద పడుకోబెట్టి ఉంది. మూల ఒక పాత సంచిలో ఉలి, సుత్తి దొరికాయి. ఉరుకుందు ఉలిని అరచేతికి రాసి చూశాడు. బాగానే ఉంది. రాయి మీద నీళ్లు చల్లాడు. 'గౌరవనీయ ముఖ్య అతిథి' అన్నదాని కింద ఖాళీగా, అద్దంలాగా ఉంది చోటు. అందులో అతని ముఖమే కనబడింది.

శశికళ సుద్దముక్క తీసుకుంది. "ఏం పేరు రాయాల మామా? ఇంగా చెప్పలేదు గదా."

"రాయొద్దులేమ్మా. నాకొచ్చు."

అతనికి వచ్చిన అక్షరాలు ప్రపంచంలో ఆ ఆరే. టెలిగ్రాం వెనక పోస్టుమాన్ తెలుగులో రాసిచ్చింది చూసి నేర్చుకున్నాడు. క్వారీలో పనికిరాని బండల మీద చెక్కేవాడు. చెక్కి, ఎవరైనా చూస్తారేమోనని సమ్మెటతో పగలగొట్టేవాడు. ఎన్ని బండలు పగలగొట్టాడో అతనికే తెలియదు.

మొదటి దెబ్బ పడింది. వీరేశు తండ్రి చేతిని చూశాడు, శశికళను చూశాడు. శశికళ సుద్దముక్కను మెల్లగా కింద పెట్టేసింది. మూడో అక్షరానికి తిక్కమ్మకు తెలిసిపోయింది. ఆమెకు చదువు రాదు. అయినా తెలిసిపోయింది.

"ఒరేయ్ ఉరుకుందూ" అంది మెల్లగా. "దీని కింద మనిషి లేడు గదరా?"

"ఈ తోటలో ఏ రాయి కిందా మనిషి లేడక్కా. ఈళ్ల కట్టుబాటు వేరే."

నాలుగుంపావుకు సర్వోత్తమరావు గారు వచ్చారు. ఎవరూ దొరకలేదు. ఒకరికి పెళ్లి, ఒకరికి కేసు, ఒకరు ఈ వనంలో తన పేరు ఇప్పటికే పదిహేడు చోట్ల ఉందని, పద్దెనిమిది అచ్చిరాదని చెప్పారట. ఫలకం దగ్గరికి వచ్చి జేబులోంచి స్కేలు తీశారు. అక్షరం ఎత్తు కొలిచారు. మూడంగుళాలు. లోతు చూశారు. మిషను కూడా అంత తీరుగా కొట్టదు. ముఖం విప్పారింది. అప్పుడు చదివారు.

"ఓర్సు మద్దిలేటి. వీరు... ఏ శాఖ?"

"మా తమ్ముడు" అంది తిక్కమ్మ. "నీ కక్కసు గోడలో ఉండాడే, వాడు."

ఆయన స్కేలు ఊపుతూ అరిచారు. "చెరిపెయ్! ఇప్పుడే చెరిపెయ్!"

ఉరుకుందు ఉలి కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. చక్రపాణి గొంతు సవరించుకున్నాడు.

"సార్, చెరుపుట ఒక పని."

"అయితే?"

"పని అంటే శంకుస్థాపన సార్."

సర్వోత్తమరావు గారు పక్కనే ఉన్న గడ్డి కోసే మిషను మీద కూర్చున్నారు. శంకుస్థాపన అంటే ముఖ్య అతిథి. ముఖ్య అతిథి అంటే తేదీ. మాఘంలో బుధవారం. ఆయన గడియారం చూశారు, అయిదుకు నలభై నిమిషాలుంది. స్మారక వనంలో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి ఆ నలభై నిమిషాల్లో ఏం చేయగలడో అది చేశారు. నియమావళి తీశారు. ముఖ్య అతిథి బతికి ఉండవలెనని అందులో ఎక్కడా లేదు.

ఫలకం నిలబెట్టారు. దాని పక్కన ఎర్ర పట్టు కుర్చీ వేశారు. ఫలకానికి పూలదండ, మీద జరీ శాలువా. సిబ్బంది అంతా బారులు తీరారు. సర్వోత్తమరావు గారు మైకు లేకుండానే మైకులో మాట్లాడినట్టు మాట్లాడారు.

"ఊపిరి సలపని కార్యక్రమాల మధ్య కూడా తమ అమూల్య సమయాన్ని వెచ్చించి, సుదూర ప్రాంతం నుంచి విచ్చేసిన గౌరవనీయులు శ్రీ ఓర్సు మద్దిలేటి గారికి వనం తరఫున..."

అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పై ఆరు పలకల్లోని జవాన్లకు ఏనాడూ కొట్టనన్ని కొట్టారు. ఖాళీ కుర్చీకి వంగి దండం పెట్టారు. చక్రం బిగించారు. చక్రపాణి చిట్టాలో తరవాతి అంశం చదివాడు.

"ముఖ్య అతిథి గారి భోజనం. పదకొండో నియమం. అతిథి భోజనం ముగియు వరకు సిబ్బంది యావన్మందీ చేతులు కట్టుకొని నిలబడవలెను."

"భోజనం ఏర్పాటు?" అన్నారు సర్వోత్తమరావు గారు కంగారుగా.

"నేను తెచ్చినా" అంది తిక్కమ్మ.

ఫలకం ముందు నేల తుడిచి, మూట విప్పి, గుడ్డ పరిచింది. రొట్టె తుంచింది. ఎర్రగడ్డను పిడికిలితో చితక్కొట్టింది. గురెళ్ల కారం అద్దిన మొదటి ముక్కను రాతికి ఆనించి, ఆరు అక్షరాల మీదా మెల్లగా చెయ్యి తిప్పింది. ఉరుకుందు ఆమె పక్కనే చతికిలబడ్డాడు. వెనక నలభై మంది ఉద్యోగులు చేతులు కట్టుకుని ఎండలో నిలబడ్డారు.

పది నిమిషాలయింది. ఇరవై అయింది. సర్వోత్తమరావు గారు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుని, వినయంగా ముందుకు వంగారు.

"అమ్మా, అతిథి గారు భోజనం ముగించారా?"

తిక్కమ్మ తల తిప్పలేదు. రెండో ముక్క తుంచింది.

"ఇప్పుడే గదప్పా కూసున్యాడు. ఇరవై ఆరేండ్ల ఆకలి వానిది. నిలబడుండండి."